ఊరిని చదివిన ఉస్తాద్: ప్రొఫెసర్ హారూన్ ఖాన్ షేర్వానీ

సంఘం వార్షిక సంచికకు ఏదో ఒక చరిత్ర వ్యాసం వ్రాయడం మాకు కొన్నేండ్లుగా ఆనవాయితీ అయిపోయినది. బాదుషాల మీద వ్రాసినాము, ఔలియాల మీద వ్రాసినాము. ఈసారి కార్యదర్శి గారు అడిగినప్పుడు, బాదుషాను పక్కన పెట్టి, బాదుషాలు కట్టిన ఊర్ల చరిత్ర వ్రాయడంలోనే జీవితం గడిపిన ఒక పంతులు గారి గురించి వ్రాస్తామని చెప్పినాము. "పంతులు గురించి పంతులే వ్రాస్తే ఎవరు చదువుతారు సాబ్?" అని ఆయన నవ్వినారు. చదువరులు చదువుతారనే మా నమ్మకం. ఏలననగా ఈ కథ మొదలైనది మా తప్పుతోనే, ఇతరుల తప్పులు చదవడం అందరికీ ఇష్టమే కదా.

కొన్నేండ్ల క్రిందట మా బడి వార్షికోత్సవంలో పిల్లలచేత "భాగమతి" అనే చిన్న నాటకం వేయించినాము. రచన, దర్శకత్వం రెండూ మావే. షహజాదా ముహమ్మద్ కులీ వరదలో ఉన్న మూసీ నదిని గుర్రం మీద దాటి చిచ్చలం గ్రామంలో ఉన్న ప్రియురాలిని చూడబోతాడు. కొడుకు ప్రాణానికి భయపడి తండ్రి ఇబ్రాహీం కుతుబ్ షా నదికి పుల్ కట్టిస్తాడు. తర్వాత ఆ ప్రియురాలి పేరనే భాగ్యనగరం వెలుస్తుంది. నాలుగు నీలం చీరలు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు పట్టి ఊపితే అదే మూసీ. ఏడో తరగతి పిల్లవాడొకడు తలపాగా చుట్టి, కట్టె గుర్రం ఎక్కి చీరల నడుమ దూకినాడు. తల్లులంతా చప్పట్లు కొట్టినారు. మాకు కూడా గర్వంగానే ఉండె.

కార్యక్రమం అయినాక ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దమనిషి మమ్ములను పక్కకు పిలిచినారు. రిటైరైన ఉద్యోగి, ఉర్దూలో ఉస్మానియా చదువు చదివిన తరానికి చిన్న తమ్ముడి వంటివారు. "మాస్టర్ సాబ్, నాటకం బాగున్నది. పురానా పుల్ ఎప్పుడు కట్టినారు?" అని అడిగినారు. 1578 అన్నాము. "షహజాదా ఎప్పుడు పుట్టినాడు?" 1565-66 అన్నాము. "మరి తీసివేత చేయండి" అని ఆయన కర్ర పట్టుకొని లేచి వెళ్ళిపోయినారు.

తీసివేత చేసినాము. 12, మహా అయితే 13. మా షహజాదా వేషం వేసిన పిల్లవానికి కూడా సరిగ్గా 13 ఏండ్లే! ఆ వయసు పిల్లవాడు రాత్రిపూట వరద నది దాటి ప్రేయసి దగ్గరకు వెళితే తండ్రి పుల్ కట్టించడు, చెవి మెలిపెడతాడు. ఇరవై ఏండ్లు తారీఖు పాఠాలు చెప్పుతూ ఈ రెండు సంవత్సరాలనూ పక్కపక్కన పెట్టి ఒక్కనాడు చూడలేదు గదా అని సిగ్గుపడినాము.

మరునాడు ఆ పెద్దమనిషి ఇంటికి వెళితే, అలమారలోనుంచి ఒక లావుపాటి ఇంగ్లీషు గ్రంథం తీసి చేతిలో పెట్టినారు. అది 1967లో అచ్చయిన ప్రొఫెసర్ హారూన్ ఖాన్ షేర్వానీ గారి రచన. హైదరాబాదు నిర్మాత ముహమ్మద్ కులీ కుతుబ్ షా జీవితం, ఆయన కట్టిన ఊరు, రెండూ అందులో ఉన్నవి. మేము షేర్వానీ సాబ్‌ను ఎరుగుట ఆ విధంగా జరిగినది.

షేర్వానీ గారు 1891లో జన్మించినారు. అలీగఢ్ ప్రాంతపు షేర్వానీ పఠానుల కుటుంబం. ఆక్స్‌ఫర్డులో ఎం.ఏ. చదివి, బారిస్టరు అయినారు. అంత చదువు చదివినవారు ఆ కాలంలో వకాలతు చేసి లక్షలు గడించవచ్చును. ఆయన మాత్రం దక్కనుకు వచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చరిత్ర, రాజనీతి శాఖలో ప్రొఫెసరైనారు. 1918లో ఏర్పడి 1919లో తరగతులు మొదలుపెట్టిన ఆ విశ్వవిద్యాలయం మన దేశంలో ఒక కొత్త ప్రయోగం. వైద్యం, ఇంజనీరింగు, న్యాయం, చరిత్ర, అన్నీ ఉర్దూలో చెప్పాలన్నది సంకల్పం. పుస్తకాలే లేవు గనుక అంతకు ముందే 1917లో దారుల్ తర్జుమా అనే అనువాద శాఖను పెట్టినారు. షేర్వానీ గారు తరగతిలో ఉర్దూలో పాఠం చెప్పినారు, ఉర్దూలో పాఠ్యగ్రంథం వ్రాసినారు, ప్రపంచంలోని ఇతర పండితులతో మాట్లాడడానికి ఇంగ్లీషులో వ్రాసినారు. మా వంటి ఉర్దూ మీడియం ఉపాధ్యాయులకు ఈ సంగతి ఎక్కువ తగులుతుంది. ఉర్దూలో చదివితే ఎక్కడికీ పోలేరని తల్లిదండ్రులు మా ముందే అంటున్న రోజులివి. ఆ మాటకు మా వద్ద పూర్తి జవాబు లేదు, కొలువుల సంగతి మాకూ తెలుసు. అయితే ఒక విశ్వవిద్యాలయం ఆ భాషలో దాదాపు మూడు దశాబ్దాలు నడిచినదని, 1948 తర్వాత బోధనా భాష మారినదని పిల్లలకైనా తెలిసి ఉండాలి గదా.

ఆయన నిజాం కాలేజీకీ, ఢిల్లీలో ఆంగ్లో-అరబిక్ కాలేజీకీ ప్రిన్సిపాలుగా కూడా పనిచేసినారు. ఆ పదవుల గురించి మేము ఎక్కువ చెప్పము, పదవులు చాలామందికి వస్తవి. మేము ఆగి చూడవలసినది ఆయన వయసు దగ్గర. బహమనీ వజీరు మహమూద్ గవాన్ మీద గ్రంథం 1942లో వచ్చినది, అప్పటికి ఆయనకు 51. పించను వయసు దాటిన తర్వాత 1953లో బహమనీల మీద పెద్ద గ్రంథం, 1967లో హైదరాబాదు నిర్మాత మీద గ్రంథం, 1974లో కుతుబ్ షాహీ వంశ చరిత్ర. చివరిది అచ్చయ్యేసరికి ఆయనకు 83 ఏండ్లు. ఇది గాక పి.ఎం. జోషీ గారితో కలిసి మధ్యయుగ దక్కను చరిత్రకు సంపాదకత్వం వహించినారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే దానిని 1973-74లో రెండు సంపుటాలుగా ప్రచురించినది. 1969లో పద్మభూషణ్ వచ్చినది. 1980లో కాలం చేసినారు. మా స్టాఫ్ రూంలో యాభై దాటగానే "ఇంక మనదేమున్నది సాబ్" అనే మిత్రులకు ఈ లెక్క చదివి వినిపిస్తుంటాము. వారికి కోపం వస్తున్నది, అయినా వినిపిస్తాము.

1953 నాటి బహమనీ గ్రంథం హైదరాబాదులోనే వెలువడినది. ఆ ఏండ్లు ఎటువంటివో ఇక్కడి పెద్దలకు విడమరచి చెప్పనక్కరలేదు. 1948 సెప్టెంబరు దాటి అయిదేండ్లే. చదువుకొన్నవారు ఎందరో సరిహద్దు దాటిపోయినారు. ఉన్నవారిలో కొందరు గతించిన వైభవాన్ని తలచుకొని కన్నీరు పెట్టుకొంటూ కూర్చున్నారు. కొందరు ఆ గతమంతా చీకటే అని తిట్టడం నేర్చుకొన్నారు. షేర్వానీ గారు వెళ్ళలేదు, ఏడ్వలేదు, తిట్టలేదు. గుల్బర్గా, బీదరు కోటల రాళ్ళు, నాణేలు, ఫార్సీ తవారీఖులు ముందు పెట్టుకొని కూర్చున్నారు. ఆ గ్రంథానికి ఆయన పెట్టుకొన్న ఉపశీర్షిక "ఒక నిష్పక్షపాత పరిశీలన" అనే అర్థం వచ్చేది. ఆ సంవత్సరాల్లో ఆ మాట అట్ట మీద అచ్చు వేయించడానికి గుండె ఉండాలి.

ఇక భాగమతి సంగతి. ఈ కథను ఆయన వకీలు సాక్షిని అడిగినట్టే అడిగినారు, బారిస్టరు చదువు ఊరికే పోలేదు. మొదట ఎవరు చెప్పినారు? అక్బరు రాయబారిగా దక్కనుకు వచ్చిన ఫైజీ చెప్పినాడు. తర్వాత బీజాపూరులో కూర్చొని చరిత్ర వ్రాసిన ఫరిష్తా చెప్పినాడు. ఇద్దరూ గోల్కొండ దర్బారువారు కారు. గోల్కొండలోనే వ్రాసిన కుతుబ్ షాహీ తవారీఖులో ఆ స్త్రీ ప్రసక్తి లేదు. 17వ శతాబ్దంలో వచ్చిన టావెర్నియే, థెవెనో వంటి ఫ్రెంచి ముసాఫిర్లు ఊరిని బాగ్‌నగర్ అన్నారు, చుట్టూ తోటలున్నవని వ్రాసినారు. కనుక ఆ పేరు "భాగ" నుండి కాదు, తోట అనే అర్థమున్న "బాగ్" నుండి వచ్చినదని షేర్వానీ గారి వాదం. హైదరాబాదు అన్నది హజ్రత్ అలీ వారి "హైదర్" అనే బిరుదు మీద పెట్టిన పేరు.

మరి ఆయన చెప్పినదంతా మేము ఒప్పుకొన్నామా అంటే, లేదు. ఫైజీ, ఫరిష్తా ఇద్దరూ ముహమ్మద్ కులీ బ్రతికి ఉండగానే వ్రాసినవారు. దూరంగా ఉన్నంత మాత్రాన సమకాలికుని మాట పూర్తిగా కొట్టివేయుట కష్టం. తర్వాతి కాలంలో నరేంద్ర లూథర్ గారు భాగమతి పక్షాన గట్టిగానే వాదించినారు. ఈ దావా ఇంకా కోర్టులోనే ఉన్నదని మా అభిప్రాయం. కాని పుల్ కథ మాత్రం తీసివేతతోనే తీరిపోయినది. భాగమతి ఉన్నా లేకున్నా 1578 నాటి పుల్ ఆమె కోసం కట్టినది కాదు. ప్రేమ కథ పోయినందుకు బాధపడేవారికి షేర్వానీ గారి గ్రంథంలో అంతకన్న మంచి సరుకు ఉన్నది.

అది తెలుగు సంగతి. ముహమ్మద్ కులీ తండ్రి ఇబ్రాహీం, సింహాసనానికి రాకముందు 1543 నుండి 1550 దాకా ఏడేండ్లు విజయనగరంలో రామరాయల దగ్గర తలదాచుకొన్నాడు. అక్కడ అబ్బిన తెలుగు గోల్కొండలో కూడా వదలలేదు. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని పిలిచినారు. అద్దంకి గంగాధర కవి "తపతీ సంవరణోపాఖ్యానం" ఆయనకే అంకితం. ఆయన అధికారి, పటాన్‌చెరు అమీన్ ఖానుకు పొన్నగంటి తెలగనార్యుడు "యయాతి చరిత్ర" అంకితమిచ్చినాడు. సంస్కృత పదం కలువని అచ్చ తెలుగులో వచ్చిన మొదటి కావ్యమది. మా బడిలో తెలుగు పండితులకు తెలగన పేరు తెలుసు, అమీన్ ఖాను ఎవరో తెలియదు. ఉర్దూ ఉస్తాదులకు ముహమ్మద్ కులీ దీవాను తెలుసు, ఆయన తండ్రికి తెలుగు పేరున్నదని తెలియదు. రెండు గదుల మధ్య ఒకే గోడ. షేర్వానీ గారు కుతుబ్ షాహీ చరిత్రలో ఫార్సీ, దక్కనీ, తెలుగు మూడింటినీ ఒకే ఇంటి సామానుగా చూసినారు. ఊరంటే కట్టించినవాని ఒక్కని సొత్తు కాదన్నది మేము ఆయన వద్ద నేర్చుకొన్న పాఠం.

ఇంత చదివి సంతోషించినాక మాకు ఒక కొరత తోచినది. మేము ఓరుగల్లువారము గదా, ఈ ఊర్ల కథలో మా ఊరు ఎక్కడ? ఈ ప్రశ్న మాకంటే ముందు ఒక పిల్లవాడు వేసినాడు. ఒక ఏడు ఎనిమిదో తరగతి వారిని ఖిలా వరంగల్ తీసుకొని పోయినాము. నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు, మధ్య విరిగిన శిల్పాల కుప్పలు, పక్కనే వాలు గోడల ఖుష్ మహల్. ఆ పిల్లవాడు అటూ ఇటూ చూసి, "సర్, యే కిస్‌కా హై? హమారా యా ఉన్‌కా?" అన్నాడు. ఇది ఎవరిది, మనదా వాండ్లదా అని. మిగతా పిల్లలు చప్పున నోరు మూసుకొన్నారు. ఇంట్లో పెద్దలు మాట్లాడుకొనేది విననిదే ఆ వయసులో అటువంటి ప్రశ్న రాదు.

అప్పుడు మేము చెప్పినది ఇక్కడ కూడా దాపరికం లేకుండా వ్రాస్తున్నాము. ఈ తోరణాల నడుమ కాకతీయుల స్వయంభూ శివాలయం ఉండె. 1323లో ఢిల్లీ షహజాదా ఉలుగ్ ఖాను, అనగా తర్వాతి ముహమ్మద్ బిన్ తుగ్లక్, ఈ కోట పట్టినాడు. ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు మార్చినారు, ఆలయాన్ని పడగొట్టినారు. ఇది జరిగినది. మన సంచికలో వ్రాయకుంటే జరగనిది కాదు. అయితే తోరణాలను మాత్రం నిలిపి ఉంచినారు, అదీ జరిగినదే.

తర్వాత శితాబ్ ఖాను కథ ఉన్నది. పేరు వింటే మనవాడనుకొంటాము. ఆయన అసలు పేరు సీతాపతి, తెలుగువాడు, బిరుదు మాత్రం ఫార్సీది. 1504 నాటి సంస్కృత శాసనంలో, తాను ఓరుగల్లును గెలిచి కాకతీయుల కాలపు దేవతను, పాంచాలరాయ స్వామిని తిరిగి ప్రతిష్ఠించినట్లు చెప్పుకొన్నాడు. దాదాపు 180 ఏండ్ల తర్వాత ఒక "ఖాను" కాకతీయ జ్ఞాపకాన్ని లేపి నిలబెట్టినాడు! ఆయన మీద హీరానంద శాస్త్రి గారి పుస్తకాన్ని 1932లో అచ్చు వేసినది ఎవరనుకొన్నారు? నిజాం ప్రభుత్వపు పురావస్తు శాఖ. దాని అధిపతి గులాం యజ్దానీ సాబ్. పాలంపేట రామప్ప ఆలయాల మీద 1922లో గ్రంథం వ్రాసినది కూడా ఆ యజ్దానీ సాబే. ఆ రామప్పకు 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు ఊరూరా పండుగ చేసినారు, సంతోషమే. ఆ పండుగలో యజ్దానీ సాబ్ పేరు మాకు ఎక్కడా వినబడలేదు. ఇది ఫిర్యాదు కాదు, చెప్పక ఉండలేక చెప్పినాము.

ఓరుగల్లుకూ హైదరాబాదుకూ ఉన్న ముడిని విప్పినవారు షేర్వానీ గారి తర్వాతి తరం. ఫిలిప్ వాగొనర్, రిచర్డ్ ఈటన్ అనే ఇద్దరు అమెరికా ఆచార్యులు కళ్యాణి, రాయచూరు, ఓరుగల్లు, ఈ మూడు స్థలాల చరిత్రను కలిపి 2014లో ఒక గ్రంథం ప్రకటించినారు. హైదరాబాదులో గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడి చూడండి: మచిలీ కమాన్, కాలీ కమాన్, సెహర్-ఎ-బాతిల్ కమాన్, చార్మినార్ కమాన్, నాలుగు దిక్కులా నాలుగు. మధ్య రాజప్రాసాదపు ముంగిలి. ఈ ఏర్పాటు వెనుక ఓరుగల్లు నాలుగు తోరణాల జ్ఞాపకమున్నదని వారి వాదం. అంటే ముహమ్మద్ కులీ కొత్త రాజధాని కట్టేటప్పుడు తెలుగు దేశపు పాత రాజధానిని మనసులో పెట్టుకొన్నాడన్నమాట.

మనవారు సాధారణంగా హైదరాబాదు ఇస్ఫహానుకు నకలు అని చెప్పుకొంటారు. ఊరి నిర్మాణం చూసిన పేష్వా మీర్ మోమిన్ ఇరాన్ నుండి వచ్చినవాడే, కాదనము. మరల తీసివేత చేయండి: చార్మినారు హిజ్రీ 1000, అనగా 1591. షా అబ్బాసు ఇస్ఫహానును రాజధాని చేసుకొన్నది 1598లో. ఆ తర్వాతనే అక్కడి పెద్ద మైదానం వగైరా. తమ్ముడు పుట్టకముందే అన్న తమ్ముని పోలికతో పుట్టడు గదా! మీర్ మోమిన్ ఇరాను నుండి తెచ్చిన బుద్ధి ఉన్నది, ఇక్కడి మట్టిలోనుండి తీసుకొన్న నమూనా కూడా ఉన్నది. ఆ గ్రంథం వచ్చిన 2014లోనే తెలంగాణ రాష్ట్రం ఏర్పడి, రాజముద్రలో కాకతీయ తోరణం లోపల చార్మినారును పెట్టినారు. ముద్ర వేసినవారు ఆ గ్రంథం చూసి ఉండరని మా ఊహ, అయినా భలే కుదిరినది.

ఈ సంగతులు తెలిసిన తర్వాత పిల్లలను హైదరాబాదు కూడా తీసుకొని పోయినాము. గుల్జార్ హౌజ్ దగ్గర ట్రాఫిక్కులో లెక్కపెట్టి నిలబెట్టడానికే మా ప్రాణం పోయినది. అయినా ముందుగా ఏమీ చెప్పకుండా, చుట్టూ చూడండి అన్నాము. తొమ్మిదో తరగతి ఆడపిల్ల ఒకతె నాలుగు కమాన్లూ వేలితో చూపి, "సార్, ఇది మన ఖిలా లెక్కనే ఉన్నది" అన్నది. ఖిలాలో ప్రశ్న వేసిన పిల్లవాడు ఆమె పక్కనే ఉన్నాడు. ఏమీ అనలేదు, నోటుబుక్కులో నాలుగు గీతలు గీసుకొన్నాడు.

"భాగమతి" నాటకాన్ని మేము మళ్ళీ వేయించలేదు. పుల్ రంగం తీసివేసి, ఇబ్రాహీం కుతుబ్ షా సభకు తెలుగు కవి వచ్చే రంగం కొత్తగా వ్రాసినాము. అది కొంచెం చప్పగానే వచ్చినది, చప్పట్లు కూడా తక్కువే. నీలం చీరలు లేకుంటే నాటకమేమిటని తల్లులు మమ్ములను నిలదీసినారు.

ఆ పెద్దమనిషి పోయిన ఏడు అల్లాహ్ పిలుపు అందుకొన్నారు. కుమారులు ఆయన పుస్తకాలలో కొన్నింటిని సంఘం గ్రంథాలయానికి ఇచ్చినారు. షేర్వానీ గారి 1967 నాటి గ్రంథం రెండో అలమారలో, పై అరలో ఉంటుంది. ఆదివారం జొహర్ నమాజు తర్వాత తలుపు తీస్తారు, రిజిస్టరులో పేరు వ్రాసి ఎవరైనా తీసుకొని పోవచ్చును. ప్రస్తుతం మాత్రం అది అక్కడ లేదు. మొదట తీసుకొన్నది మా పాత షహజాదా వేషగాడే, ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. గడువు దాటి మూడు వారాలైనది. అడిగితే, "ఇంగ్లీషు కష్టంగా ఉన్నది సార్, డిక్షనరీతో చదువుతున్న, ఇంకా పుల్ దగ్గరనే ఉన్న" అన్నాడు.